అరుపు ఆగిన చోటు

ఇది 2007 నవంబరు 24, శనివారం మధ్యాహ్నం. మీరు వాషింగ్టన్‌లో వి స్ట్రీట్ మీద, 9:30 క్లబ్ బయట నిలబడి ఉన్నారు. థ్యాంక్స్‌గివింగ్ పండగ వెళ్లి రెండు రోజులైంది. అయిదు కొట్టకముందే పొద్దు కుంగే రోజులు. ఈ రాత్రి ఇక్కడ హాథార్న్ హైట్స్ పాడాలి. లోపల పన్నెండు వందల మంది పడతారు. ఈ బ్యాండు కోసం వచ్చేది ఎక్కువగా కుర్రకారు. పాటలన్నీ మొదటి మాట నుంచి చివరి మాట దాకా నోటికొచ్చిన పిల్లలు.

జనం రాకముందే లోపలికి రండి. ఏ కచేరీకైనా సౌండ్ చెక్‌కి ఒక వరస ఉంటుంది. మొదట డ్రమ్స్. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒక్కదాన్నే, ఇంజనీరు చాలనేదాకా కొడుతూ ఉండాలి. ఖాళీ హాల్లో ఆ దెబ్బ గోడలకు తగిలి మీ గుండెల మీదికి వస్తుంది. తర్వాత బేస్. ఆ తర్వాత గిటార్లు, ఒకదాని తర్వాత ఒకటి. ఈ బ్యాండుకి గిటార్లు మూడు: జె.టి. వుడ్రఫ్‌ది ఒకటి, మికా కార్లిది ఒకటి, కేసీ కాల్వర్ట్‌ది ఒకటి. ఆఖర్న మైకులు. కేసీ మైకు దగ్గరకొచ్చేసరికి ఇంజనీరు చెయ్యి మీటల మీద జాగ్రత్తగా ఉండాలి. అతను ఆ మైకులో పాడడు, అరుస్తాడు.

ఇవాళ ఆ వరస మొదలుకాదు.

టూర్ బస్సులో గోడల వెంట అంతస్తులుగా బెర్తులుంటాయి. ఒక్కో బెర్తుకి ఒక్కో తెర. తెర వేసి ఉంటే మనిషి నిద్రపోతున్నాడనే లెక్క. రాత్రంతా రోడ్డు మీద గడిపినవాణ్ణి పగలు ఎవరూ కదపరు, అది బస్సులో బతికేవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద. సౌండ్ చెక్ వేళకు ముందు తెలిసింది, కేసీ నిద్రలోనే పోయాడని. వయసు 26.

ఆ రోజే మిగిలినవాళ్లు అభిమానులకు ఒక ప్రకటన రాశారు. క్రితం రాత్రి పడుకోబోయే ముందు కూడా అందరితో జోకులేశాడని, ఏం జరిగిందో తమకింకా అంతుపట్టలేదని, అతను చట్టం ఒప్పుకోనిదేదీ ముట్టలేదని మాత్రం ఖాయంగా చెప్పగలమని. ఈ చివరి మాట దగ్గర నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. రాక్ బ్యాండు కుర్రాడు బస్సులో చనిపోయాడంటే లోకం ఏమనుకుంటుందో వాళ్లకు తెలుసు. ఏడవాల్సిన పూట స్నేహితుడి తరఫున సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ సాక్ష్యం నిజమేనని వైద్యాధికారి నివేదిక తర్వాత తేల్చింది. కేసీ ఒంట్లో ఉన్నవి మందుల షాపులో దొరికేవే. కుంగుబాటుకి వాడే సిటాలోప్రామ్, ఆందోళనకి వాడే క్లోనజెపామ్, వీటికి తోడు నొప్పి తగ్గించే ఓపియేట్ రకం మందు. పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాక రాసిచ్చిన నొప్పి మందు అదని బ్యాండు చెప్పింది. ఏ ఒక్కటీ విడిగా అతన్ని చంపేది కాదు. మూడూ కలిశాయి. క్లోనజెపామ్ లాంటి మందూ, ఓపియేట్ రకం మందూ రెండూ ఊపిరిని నెమ్మదింపజేసేవే. నిద్రలో ఊపిరి అలా సన్నగిల్లుతూ పోతే పక్క బెర్తులో ఉన్నవాడికి కూడా తెలియదు. ఈ రెండు రకాలూ కలిపి వాడితే ప్రాణాపాయమని మందు వివరాల పత్రం మీద నల్ల గీతల చట్రంలో హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది 2016లో. కేసీ పోయిన తొమ్మిదేళ్లకి. మీరు ఇలాంటి మందులేవైనా వాడుతుంటే పళ్ల డాక్టరుకి కూడా ఆ సంగతి చెప్పండి. పంటికీ మనసుకీ సంబంధమేముందని ఊరుకోవద్దు.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్లి, ఆ అరుపేమిటో విందాం. ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. 2001లో అక్కడ మొదలైన ఈ బ్యాండు మొదటి పేరు ఎ డే ఇన్ ద లైఫ్. హాథార్న్ హైట్స్‌గా తొలి ఆల్బమ్ 'ద సైలెన్స్ ఇన్ బ్లాక్ అండ్ వైట్' 2004లో వచ్చింది. అందులో 'ఒహాయో ఈజ్ ఫర్ లవర్స్' పెట్టుకుని హెడ్‌ఫోన్స్ తగిలించుకోండి. వుడ్రఫ్ గొంతు పలచన, తేట. ఏడుపు అంచున నిలబడి పాడుతుంది. దాని వెనక నుంచి కేసీ అరుపు తోసుకొస్తుంది. మొదటిసారి వినేవాళ్లు అది కోపమనుకుంటారు. రెండోసారి వినండి. పాడేవాడు మర్యాదగా అణచుకున్న బాధే ఆ అరుపులో బయటపడుతోంది. ఒకే మనిషి లోపలి మాటను ఇద్దరు పంచుకుని చెబుతున్నారు. ఊరికి దూరంగా, ప్రేమించినవాళ్లకి దూరంగా రోడ్ల మీద తిరిగే కుర్రాడి పాట అది. ఆ అరుపు లేకపోతే ఒట్టి విరహగీతమై మిగిలేది.

ఇమో అనే ఈ పాటల దారి పుట్టింది కూడా వాషింగ్టన్‌లోనే. 1985 ప్రాంతంలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ లాంటి బ్యాండ్లు పంక్ సంగీతంలోకి లోకం మీది కోపంతో పాటు సొంత దుఃఖాన్నీ తీసుకొచ్చాయి. ఆ ధార ఇరవయ్యేళ్లు ఊళ్లు తిరిగి డేటన్ కుర్రాళ్ల దాకా వచ్చింది. వాళ్ల రెండో ఆల్బమ్ 2006లో బిల్‌బోర్డ్ జాబితాలో మూడో స్థానాన అడుగుపెట్టింది.   

ఇక 2008. మూడో ఆల్బమ్ 'ఫ్రాజైల్ ఫ్యూచర్' తయారవుతోంది. అద్దం ఇవతల, కంట్రోల్ రూములో, మీటల బల్ల వెనక కూర్చోండి. అద్దం అవతల నలుగురు: వుడ్రఫ్, కార్లి, బేస్ మీద మ్యాట్ రైడెనోర్, డ్రమ్స్ మీద ఎరాన్ బుకియారెల్లి. స్టూడియోలో గిటార్‌ని ఒకసారి వాయించి ఎడమ చెవికి, మళ్లీ వాయించి కుడి చెవికి పెడతారు. కావాలంటే మూడో పొర, నాలుగో పొర. అంటే కేసీ గిటార్ లేని లోటును వినేవాళ్లకు తెలియకుండా పూడ్చవచ్చు. అరుపు అలా కాదు. దానికి మనిషి కావాలి, ఆ మనిషి గొంతు కావాలి.

మనుషులకు కొదవలేదు. 2008 నాటికి అమెరికాలో ప్రతి ఊళ్లోనూ అరిచే కుర్రాళ్లున్నారు. ఒక్క ప్రకటన వేస్తే గుమ్మం ముందు వరస కట్టేవారు. కంపెనీ లెక్క ప్రకారం చూసినా, అభిమానుల అలవాటు ప్రకారం చూసినా అదే తెలివైన పని. వాళ్లు ఎవర్నీ తీసుకోలేదు. నలుగురూ నలుగురిగానే ఉండిపోయారు. ఆల్బమ్‌లో అరుపుల్లేవు.

నా దృష్టిలో ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా గొప్ప సంగీత నిర్ణయం అదే. సన్నాయి మేళంలో శ్రుతి పట్టే మనిషి లేచిపోతే మిగిలిన వాద్యాలు ఎంత బాగా మోగినా కింద ఏదో జారిపోయినట్టుంటుంది. ఇక్కడ ఆ జారిపోయినదాన్ని దాచిపెట్టలేదు. పాట పైకి లేస్తుంది, డ్రమ్స్ ఊపందుకుంటాయి, గిటార్లు ఒక్క పెట్టున విరుచుకుపడతాయి. పాత ఆల్బమ్‌లకు అలవాటుపడ్డ మీ చెవి, ఇదిగో ఇప్పుడు కేసీ వస్తాడని సిద్ధపడుతుంది. రాడు. వుడ్రఫ్ ఒక్కడే పాడుకుంటూ ముందుకెళ్తాడు. మళ్లీ అలాంటి చోటే వస్తుంది. మళ్లీ ఎవరూ రారు. ఇంట్లో మనిషి పోయాక నెలల తరబడి జరిగేది ఇదే.

రెండో సగంలో 'ఫోర్ బికమ్ వన్' ఉంది. కేసీ కోసం చేసిన పాట. మిగిలిన నలుగురు ఒక్కటవడమే దాని పేరు. నివాళి పాటల్లో పోయినవాడిని దేవుణ్ణి చేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇందులో అది లేదు. ఇంకా నమ్మలేకపోతున్న స్నేహితుల గొంతు మాత్రమే వినిపిస్తుంది.

ఆల్బమ్ అంతా ఇదే ఎత్తులో ఉందని అనను. శబ్దం మరీ నున్నబడింది. 'రెస్క్యూ మీ' రేడియో కోసం దువ్వి తయారుచేసిన పాటలా అనిపిస్తుంది. తొలి ఆల్బమ్‌లో ఉన్న గరుకు ఇందులోనూ మిగిలి ఉంటే ఈ దుఃఖానికి ఇంకా సరిగ్గా అమరేది. అమ్మకాల్లోనూ ఇది రెండో ఆల్బమ్ ఎత్తుకు చేరలేదు. అయినా, పాటల్లో బాగున్నవెన్ని, బాగోనివెన్ని అని లెక్కేసి దీన్ని పక్కన పెట్టేసినవాళ్లు అందులో వినాల్సినదాన్ని వినలేదంటాను.

ఆల్బమ్ విడుదలైంది 2008 ఆగస్టు 5న. ఆ వేసవిలో వాళ్లు లింకిన్ పార్క్ నడిపిన ప్రాజెక్ట్ రెవల్యూషన్ టూర్‌లో ఉన్నారు. అక్కడికీ వెళ్లండి. ఆరుబయలు, ఎండ, మెడ మీద చెమట. వేదిక మీద మూడు గిటార్లుండాల్సిన చోట రెండే. పాత పాటలు కాస్త పలచగా వినిపిస్తాయి. మీ పక్కన నిలబడ్డ పిల్లలకు కారణం తెలుసు.

ఆ తర్వాతి కథ చకచకా చెప్పేస్తాను. 2010లో మరో కంపెనీ నుంచి 'స్కెలిటన్స్' వచ్చింది. అరుపు మళ్లీ వినిపించడానికి 2011 దాకా ఆగాల్సొచ్చింది. 'హేట్' అనే చిన్న రికార్డులో, బయటివాడి నుంచి కాదు, మికా కార్లి గొంతు నుంచి. కార్లి, బుకియారెల్లి 2014లో బ్యాండు వదిలి వెళ్లారు. వుడ్రఫ్, రైడెనోర్ వదల్లేదు.

వినాలనుకుంటే ఈ వరసలో వినండి: ముందు 2004 నాటి 'ఒహాయో ఈజ్ ఫర్ లవర్స్', వెంటనే ఆపకుండా 2008 నాటి 'ఫోర్ బికమ్ వన్'. రెండోదాన్ని విడిగా వింటే మంచి పాట, అంతే. మొదటిదాని వెనక వింటే ఎవరు లేరో తెలుస్తుంది.