కొట్టేసిన పద్దు, మిగిలిపోయిన సీసా

మా హేతువాద సంఘం సామాను లెక్క ఏటా మార్చి నెలలో చూసే బాధ్యత నాది. రక్షణ శాఖ పద్దుల విభాగంలో ముప్పై ఏడేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైన బీకాం వాడికి ఇంతకన్నా తగిన పని ఎవరిస్తారు? పెద్ద ఆస్తులేమీ లేవు. ఒక మైకు సెట్టు, రెండు బెంచీలు, కోవూర్ పుస్తకాలు కొన్ని, ఒక రేకు పెట్టె. ఆ పెట్టెలో "మహిమల" సామాను ఉంటుంది. నాలుకకు గుచ్చుకున్నట్టు కనిపించే ఉత్తుత్తి శూలం, కర్పూరం బిళ్ళలు, గ్లిజరిన్, పర్మాంగనేట్... అడుగున ఒక చిన్న గోధుమరంగు సీసా. లేబులు సగం చెరిగిపోయింది. "మెర్క్యూరిక్ క్లోరైడ్" అని మాత్రం చదవగలిగాను. పావు వంతు తెల్లపొడి ఇంకా మిగిలి ఉంది.

"పాతికేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు కదా, కొట్టేయండి సార్" అన్నారు మా కార్యదర్శి.

రిజిస్టరులో కొట్టేయడం అరనిమిషం పని. మా ఆఫీసు భాషలో దాన్ని 'స్ట్రక్ ఆఫ్ చార్జ్' అంటారు. పెన్ను తీశాను. కానీ ఆ పద్దుకు ఎదురుగా ఒక గడి ఉంది: "ఎలా వదిలించుకున్నారు". అందులో ఏం రాయాలో తోచలేదు. ఆ గడి నింపడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సీసా మా దగ్గర ఎందుకుందో చెప్పాలి. మన కార్యక్రమాలు చూసినవారికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బాబాగారు భక్తుడి చేతిలో నాణెం పెట్టి మంత్రం చదువుతాడు. నాణెం చేతిలోనే వేడెక్కి బూడిద రాలుస్తుంది. "విభూతి" అని కళ్ళకద్దుకుంటారు. అసలు సంగతేమిటంటే, అది పాత అల్యూమినియం నాణెం. అల్యూమినియం మీద గాలి తగిలి ఏర్పడిన సన్నని పొర దాన్ని కాపాడుతూ ఉంటుంది. మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం రుద్దితే అందులోని పాదరసం విడుదలై అల్యూమినియంతో కలిసి, ఆ పొరను నిలవనివ్వదు. లోహం గబగబా ఆక్సైడుగా మారి, వేడి పుట్టి, బూడిదలాంటి పొడి పైకి లేస్తుంది. మహిమ లేదు, రసాయనశాస్త్రమే.

1994లో ఒక పల్లెటూరి హైస్కూల్లో ఈ ప్రదర్శన నేనే చేశాను. ఎనిమిదో తరగతి కుర్రాడిని పిలిచి, నాణెం వాడి అరచేతిలో పెట్టి గుప్పిట మూయమన్నాను. "కాలుతోంది సార్!" అని వాడు అరిచాడు. ఒకటే చప్పట్లు. నేను గర్వంగా సూత్రం వివరించాను. వాడు చెయ్యి నిక్కరుకు తుడుచుకుని వెళ్ళి కూర్చున్నాడు. చేతులు కడుక్కోమని చెప్పానో లేదో గుర్తులేదు. బల్ల మీద రాలిన బూడిదను కిటికీలోంచి బయటికి ఊదేసిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. ఆ తెల్లపొడి ఒకటి రెండు గ్రాములు కడుపులోకి పోతే పెద్దవాడి ప్రాణాలే పోవచ్చు. పిల్లలకు శాస్త్రీయ దృక్పథం నేర్పడానికి వెళ్ళినవాడిని చేసిన పని అది. బాబా కూడా అదే బూడిద ఇస్తాడు కదా, నాకూ వాడికీ ఆ పూట తేడా ఎంత? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పెంటకుప్ప న్యాయం

కిటికీలోంచి ఊదేయడం అనే అలవాటు నాకు ఎక్కడి నుంచి వచ్చింది? మా తాతగారి ఇంటి నుంచే. ఆ ఇంట్లో చెత్త అంటే పొయ్యిలో బూడిద, విస్తరాకులు, పేడ, కూరగాయల తొక్కలు. అన్నీ పెరట్లో పెంటకుప్ప మీదికి పోయేవి. ఏడాది తిరిగేసరికి ఎరువై పొలానికి చేరేవి. పారేయడం అంటే భూమికి తిరిగి ఇవ్వడమే. అది తెలివితక్కువ పద్ధతి కాదు, ఆ కాలానికి సరైన పద్ధతే.

తర్వాత ఇంట్లోకి వేరే సరుకులు వచ్చాయి. జ్వరం చూసే థర్మామీటరు, టార్చిలైటు బ్యాటరీలు, ట్యూబులైటు, ఎలుకల మందు, పెయింటు డబ్బా, ఇన్సులిన్ సూదులు. ఇవి మురగవు, ఎరువు కావు. సరుకు మారింది కానీ చెయ్యి మారలేదు. పైగా మనకు "మైల" అనే కొలత ఒకటుంది. ఎంగిలి మైల, పురుడు మైల, చావు మైల, ముట్టు మైల. వాటికి స్నానాలు, శుద్ధులు, నియమాలు బోలెడు. పగిలిన థర్మామీటరుకు మాత్రం ఏ మైలా లేదు. దాన్ని చీపురుతో ఊడ్చి గుమ్మం బయట పోస్తే ఇల్లు శుభ్రమైపోయినట్టే. గుమ్మం బయట ఎత్తేవాళ్ళు ఎవరో మనకు తెలుసు. ఏ కులాలవాళ్ళో కూడా తెలుసు. మన శుభ్రత లెక్కలో వాళ్ళ ఊపిరితిత్తులకు గడి లేదు.

ఇది మన దేశానికే చెందిన జబ్బు అనుకుంటే పొరపాటు. మైల లేని దేశాల్లోనూ ఇదే కథ నడిచింది.

ఒక్క డాలరు పద్దు

అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువ గొయ్యి ఉండేది. హుకర్ అనే రసాయనాల కంపెనీ 1940లలో, 1950ల మొదట్లో సుమారు 21,000 టన్నుల వ్యర్థాలు అందులో పోసి మట్టి కప్పింది. 1953లో ఆ స్థలాన్ని స్థానిక స్కూలు బోర్డుకు అమ్మింది. ధర ఒక్క డాలరు! లోపల రసాయనాలున్నాయని, ఇకమీదట ఏం జరిగినా తమకు బాధ్యత లేదని దస్తావేజులో రాసుకుంది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్ళు లేచాయి. పాతికేళ్లకు విషం నేలమాళిగల్లోకి ఊరింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

లెక్కల మనిషిగా నన్ను ఆ ఒక్క డాలరు ఆకట్టుకుంది. కంపెనీ పుస్తకంలో పద్దు మూసేశారు. జమాఖర్చు రెండూ సరిపోయాయి. గొయ్యిలో సరుకు మాత్రం కదల్లేదు.

నాలుగువందలో నంబరు పిల్లి

నా సీసాలో ఉన్నది పాదరసం ఉప్పు కనుక, పాదరసం చరిత్ర ఇంకాస్త లోతుగా చదివాను. మనం చిన్నప్పుడు పగిలిన థర్మామీటరులోంచి పాదరసం ఏరి రాగి కానీ మీద రుద్ది వెండి చేసేవాళ్ళం. రాగిని వెండి చేస్తామనే రసవాదుల మోసంలో ఒక రకం కూడా ఇదే. కాస్త వేడిచేస్తే పాదరసం ఆవిరై ఎర్ర రాగి మళ్ళీ బయటపడుతుంది. "పాదరసం మింగితే చచ్చిపోతారు" అని పెద్దవాళ్ళు బెదిరించేవారు. విచిత్రం ఏమిటంటే, ద్రవరూపంలోని పాదరసం మింగితే పేగులు దాన్ని దాదాపుగా పీల్చుకోవు. అసలు ప్రమాదం దాని ఆవిరి. రంగు లేదు, వాసన లేదు. పీల్చిన ఆవిరిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి పోతుంది, అక్కడి నుంచి మెదడుకూ మూత్రపిండాలకూ చేరుతుంది. నీళ్ళలో పడితే మరో కథ. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యూరీగా మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోతూ అది పేరుకుంటుంది.

జపాన్‌లోని మినమాత ఊళ్ళో చిస్సో కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన మురుగును సముద్రపు పాయలోకి వదిలింది. అక్కడైతే మిథైల్ మెర్క్యూరీ ఫ్యాక్టరీలోనే తయారై వచ్చింది. సముద్రం అంత పెద్దది, అన్నీ అందులో కలిసిపోతాయనే నమ్మకం. మొదట పిల్లులు పిచ్చిగా గెంతి చచ్చాయి. తర్వాత జాలరుల కుటుంబాల్లో చేతులు వణకడం, చూపు పోవడం, మాట పడిపోవడం. 1956లో జబ్బును అధికారికంగా గుర్తించారు.

కంపెనీ ఆస్పత్రి వైద్యుడు హొసొకావా హజిమే 1959లో ఫ్యాక్టరీ మురుగును తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. ప్రయోగ పుస్తకంలో దాని నంబరు 400. దానికీ అదే జబ్బు వచ్చింది. ఇంతకన్నా చక్కని ప్రయోగం ఏముంటుంది? కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపట్టింది. కారణం ఫ్యాక్టరీ మురుగేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. మధ్యలో తొమ్మిదేళ్లు. పరిశోధన లేక కాదు, పద్దు రాయనివ్వక జనం పోయారు.

కొడైకెనాల్ గాజుముక్కలు

ఇక మన దేశానికి వద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో ఉన్న ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీని 1980లలో విప్పి తెచ్చి కొడైకెనాల్ కొండ మీద పెట్టారు. తర్వాత అది హిందుస్తాన్ లీవర్ చేతికి వచ్చింది. 2001 మార్చిలో ఊళ్ళోని ఒక పాతసామాను కొట్టులో పాదరసం అంటిన పగిలిన గాజు, ఏడు టన్నులకు పైబడి, బయటపడింది. ఫ్యాక్టరీ చెత్తను తూకానికి అమ్మేశారన్నమాట! ఆ ఏడాదే ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో సుమారు 290 టన్నుల పాదరసం వ్యర్థాలను ఓడలో అమెరికాకు తిప్పి పంపారు. తమ ఫ్యాక్టరీ వల్ల కార్మికుల ఆరోగ్యం చెడిందన్న ఆరోపణను కంపెనీ ఒప్పుకోలేదు. అయినా 2016లో 591 మంది మాజీ కార్మికులతో రాజీ చేసుకుంది.

సరుకు ఎక్కడ పుట్టిందో అక్కడికి తిరిగి పంపించడం మన చరిత్రలో అరుదు. ఆ చెత్త కుప్పగా ఒకచోట దొరికింది కాబట్టి పంపగలిగారు. మన ఇళ్ళకొచ్చిన థర్మామీటర్ల సంగతి? ఒక్కోదానిలో ఒక గ్రాము అటూ ఇటూ పాదరసం. అవి ఒక్కొక్కటే పగిలి, ఒక్కో గుమ్మం బయటికి ఊడవబడ్డాయి. వాటికి ఓడ లేదు.

చట్టం కూడా చాలాకాలం ఇదే పని చేసింది. అమెరికాలో 1976 నాటి వ్యర్థాల చట్టం కింద వచ్చిన నియమాలు ఫ్యాక్టరీలో పుట్టిన విషాన్ని విషమన్నాయి. ఇంట్లో పుట్టిన అదే విషాన్ని ఆ లెక్కలోంచి మినహాయించాయి. మన దగ్గర భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. అవి ఫ్యాక్టరీల కోసం. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు "గృహ ప్రమాదకర వ్యర్థాలు" అని పేరుపెట్టి జాబితా ఇచ్చాయి: పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, కాలం చెల్లిన మందులు, పగిలిన థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, సూదులు. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలన్నాయి.

పేరు లేకపోతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చాలు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పాతికేళ్లుగా వాడని ఒక పరికరాన్ని తుక్కు కింద వేలం వేసింది. అందులో కోబాల్ట్-60 ఉంది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పినవాళ్ళకు రేడియేషన్ తగిలి ఒకరు చనిపోయారు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఖాళీ పురుగుమందు డబ్బా కడిగి వంటింట్లో పెట్టుకునే ఇళ్ళు మన పల్లెల్లో నేనే ఎన్నో చూశాను.

గడి నింపడం

నా సీసా దగ్గరికి వస్తాను. ముందు చెత్తబండి అమ్మాయిని అడిగాను.

"తడిచెత్తా పొడిచెత్తా సార్?"

"ఇది విషం అమ్మా."

"పొడే కదా సార్, పొడిచెత్తలో వెయ్యండి" అంది. తప్పు ఆమెది కాదు. ఆమె బండికి మేమిచ్చిన గళ్ళు రెండే. మా వార్డు ఆఫీసుకు వెళితే "అలాంటి కేంద్రం మా దగ్గర లేదండీ" అన్నారు. 2016 నిబంధన కాగితం చూపించాను. జిరాక్సు తీసుకున్నారు, అంతే. చివరికి ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు ఆదుకున్నాడు. వాళ్ళ ప్రయోగశాల వ్యర్థాలతో కలిపి దుండిగల్ దగ్గరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. సీసా బిగించి, లేబులు కొత్తగా రాసి, చేతిరసీదు తీసుకుని అప్పగించాను.

మీ ఇంట్లో థర్మామీటరు పగిలితే చేయాల్సింది కొంతే. పిల్లల్ని బయటికి పంపండి. కిటికీలు తెరవండి, ఫ్యాను ఆపండి. చీపురు, వాక్యూం క్లీనరు వాడొద్దు. చుక్కలు చిన్నవై చెదిరిపోతాయి, ఆవిరి ఇంకా ఎక్కువవుతుంది. ఒట్టి చేత్తో ముట్టుకోకుండా గట్టి అట్టముక్కతో చుక్కల్ని ఒకచోట చేర్చి, మూత బిగుతుగా ఉండే సీసాలోకి ఎత్తండి. సింకులో పోయకండి. సీసా మీద ఏముందో రాసి, మీ పురపాలక సంఘాన్ని కేంద్రం ఎక్కడో అడగండి. లేదంటే లిఖితపూర్వకంగా అడగండి. పదిమంది అడిగితేనే పద్దు పుడుతుంది.

పాదరసం గురించిన అంతర్జాతీయ ఒప్పందం 2013లో మినమాత పేరుతోనే కుదిరి, 2017లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో ఆమోదించింది. పాదరసం థర్మామీటర్ల తయారీకి 2020 గడువు పెట్టి, అడిగిన దేశాలకు మినహాయింపులిచ్చారు. కొత్తవి తగ్గుతాయి, మంచిదే. పాతవి మన బీరువాల్లోనే ఉన్నాయి.

మా రిజిస్టరు గడిలో చివరికి ఇలా రాశాను: "ఫలానా తేదీన అప్పగింత, రసీదు జతచేయబడింది. నాశనం కాలేదు, స్థలం మారింది." పాదరసం మూలకం, దాన్ని ఎవరూ నాశనం చేయలేరు. కార్యదర్శి గారు చదివి "ఇంత వివరం ఎందుకండీ" అన్నారు. కింద ఇంకో వాక్యం కూడా రాసి సంతకం చేశాను: "1994లో వాడిన భాగానికి లెక్క లేదు." ఆ కుర్రాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో, బాగానే ఉన్నాడో నాకు తెలియదు.