రొట్టెకు కాపలాదారు

'లార్డ్' అనగానే పట్టు అంగీలు, బిరుదులు, లండన్‌లోని పెద్దల సభ గుర్తొస్తాయి. కానీ ఆ మాట పుట్టింది రొట్టె దగ్గర. పాత ఇంగ్లీషులో దాని రూపం 'హ్లావోర్డ్', అంతకు ముందు 'హ్లాఫ్‌వెయార్డ్'. హ్లాఫ్ అంటే రొట్టె, వెయార్డ్ అంటే కాపలాదారు. 'లేడీ' సంగతి ఇంకా ముచ్చట: ఆమె రొట్టె పిండి పిసికే మనిషి.

మరి తినేవాడో? వాడికీ పేరుంది: 'హ్లాఫ్‌ఏటా', రొట్టె తినేవాడు. ఒకరింట తిండి తిని పనిచేసే మనిషన్నమాట. ఈ పేరు కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ శాసనాల్లో ఉంది. క్రీ.శ. 600 ప్రాంతపు ఆ శాసనాలే ఇంగ్లీషులో దొరికిన తొలి చట్టం. రోచెస్టర్‌లో 12వ శతాబ్దంలో రాసిన ఒకే ఒక్క ప్రతి వల్ల అవి మనదాకా వచ్చాయి. సామాన్య రైతు ఇంటి రొట్టె తినేవాణ్ణి చంపితే 6 షిల్లింగులు కట్టాలి. స్వతంత్రుడైన మనిషిని చంపితే 100. రైతు ఇచ్చిన రక్షణను ఉల్లంఘించినా జరిమానా సరిగ్గా ఆ 6 షిల్లింగులే! వెల కట్టింది పనివాడి ప్రాణానికా, అన్నం పెట్టిన ఇంటి పరువుకా అంటే రెండోదానికే అనిపిస్తుంది. అయినా పెట్టే చేతికీ తినే నోటికీ మధ్య ఉన్న బంధాన్ని రాజు చట్టంలోకి ఎక్కించాడు. అది చిన్న విషయం కాదు.

లేడీ కూడా అప్పట్లో ఉత్త మర్యాద మాట కాదు. వెసెక్స్ రాజ్యంలో రాజు భార్యను రాణి అననిచ్చేవారు కాదని ఆల్ఫ్రెడ్ రాజు చరిత్ర రాసిన ఆసర్ చెప్పాడు. ఆల్ఫ్రెడ్ కూతురు ఎథెల్‌ఫ్లెడ్ 'మెర్సియన్ల లేడీ'గానే రాజ్యమేలింది. ఊరూరా కోటలు కట్టించింది. 917లో డెర్బీని వైకింగుల చేతుల్లోంచి లాక్కుంది. మరుసటి ఏడు టామ్‌వర్త్‌లో కన్నుమూసింది.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక డ్యూకులు, బ్యారన్లు అంటూ ఫ్రెంచి బిరుదులు వచ్చిపడ్డా ఈ రెండు మాటలూ నిలిచాయి. అక్షరాలు మాత్రం అరిగాయి, వాటితోపాటు రొట్టె కూడా మాయమైంది. లార్డ్ దేవుడి పేరు, అద్దె వసూలు చేసే 'ల్యాండ్‌లార్డ్', మన దేశానికొచ్చి 'లాట్ సాబ్' కూడా అయ్యాడు. మన కోర్టుల్లో 'మై లార్డ్' బదులు వేరే పిలుపులు వాడమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో సూచించినా ఆ పిలుపు ఇంకా వినబడుతూనే ఉంది. పెట్టడం వల్ల వచ్చిన పెద్దరికం, పెట్టే బాధ్యత వదిలేసి పెద్దరికంగానే మిగలడం నిజంగా నష్టమే.

పాత హ్లాఫ్ ఇంకోచోట దాక్కుంది. ఆగస్టు 1న వచ్చే 'లామస్' అంటే రొట్టె పండుగ. కొత్త గోధుమలతో చేసిన తొలి రొట్టెను ఆనాడు చర్చికి తీసుకెళ్లేవారు. ఇంగ్లండ్‌లో కొన్ని చర్చిలు దాన్ని నేటికీ జరుపుతున్నాయి.

లార్డూ లేడీ ఇప్పటికీ బిరుదులే. ముగ్గురిలో రొట్టె తిన్నవాడి పేరు ఒక్కటే వాడుకలో మిగల్లేదు.