కోటగోడ కాదు, కోటగుమ్మం

ఓరుగల్లుకు రాతికోట ఉంది, దాని చుట్టూ మట్టికోట ఉంది. అయినా ఊరు బతికింది గుమ్మాల మీదే. తల్లికడుపులో బిడ్డ ఎలా నిలుస్తుందని అడిగిన శాస్త్రం కూడా ముందు గోడను వెదికి, తర్వాత గుమ్మాన్ని కనుక్కుంది.

బిడ్డలో సగం తండ్రి అంశ. ఆ తండ్రి చర్మాన్ని తల్లికి అతికిస్తే ఆమె ఒళ్లు కొద్దిరోజుల్లోనే తిప్పికొడుతుంది. బిడ్డను మాత్రం తొమ్మిది నెలలు మోస్తుంది. 1953లో శాస్త్రవేత్త పీటర్ మెడావర్ ఈ వింతకు మూడు జవాబులు ఊహించాడు: మాయ అడ్డుగోడ కావడం, పిండం గుర్తులు ముదరకపోవడం, తల్లి రోగనిరోధక శక్తి మందగించడం.

మూడూ పూర్తిగా నిలవలేదు. పలుమార్లు కాన్పయిన కొందరు తల్లుల రక్తంలో బిడ్డల తెల్లకణాలను పట్టే యాంటీబాడీలు ఉన్నాయని 1958లో తేలింది. తల్లి ఒళ్లు నిద్రపోలేదు. 1996లో పరిశోధకురాలు డయానా బియాంకీ బృందం, కాన్పయి 27 ఏళ్లు గడిచిన ఒక తల్లి రక్తంలో మగబిడ్డ కణాలను చూపింది. గోడకు దారులున్నాయి.

ఆ దారుల్లో కాపలా ఎవరిది? మాయ కణాలపై ఉండే హెచ్‌ఎల్‌ఏ-జి అనే గుర్తు తల్లి రోగనిరోధక వ్యవస్థలోని సహజ హంతక కణాలను శాంతింపజేస్తుందని 1990 తర్వాత తెలిసింది. నిజానికి గర్భాశయంలోని ఆ కణాలే మాయకు రక్తం చేర్చే నాళాలు వెడల్పయ్యేందుకు తోడ్పడతాయి. శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో గుర్తించిన, రోగనిరోధక దాడిని అదుపులో ఉంచే నియంత్రణ టి-కణాలు లేకపోతే గర్భం నిలవడం కష్టమని 2004లో ఎలుకలపై ప్రయోగాలు చూపాయి. ఆ కణాలపై పరిశోధనకు 2025లో నోబెల్ దక్కింది.

తల్లీబిడ్డల మధ్య ఈ ఒప్పందం తప్పే సందర్భమూ ఉంది. తల్లి రక్తం గ్రూపు ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పులో కలిసిన బిడ్డ రక్తంపై ఆమె ఒంట్లో యాంటీబాడీలు పుట్టవచ్చు. మరుసటి బిడ్డ కూడా పాజిటివ్ అయితే, ఆ బిడ్డ ఎర్రకణాలను అవి చంపగలవు. 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల మొదలైనప్పుడు దీనికి నివారణ ఇంకా వాడుకలో లేదు. ఆ యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 1968లో వచ్చింది.

మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు ఆర్‌హెచ్ నెగటివ్. అందుకే వరంగల్ తల్లులకు, వాళ్ల అత్తలకు, అమ్మలకు నా మనవి: నెల తప్పగానే రక్తం గ్రూపు అడగండి. నెగటివ్ అయితే 28వ వారంలోను, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోను ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. కడుపు పోయినా అడగడం మరువకండి.