కత్తికీ గోలీకీ మధ్య మూడు గంటలు

మా మేనమామది సిరిసిల్ల, పవర్‌లూమ్ మీద పని. మొన్న ఎండాకాలం జగిత్యాలలో వీపు మీది కొవ్వు గడ్డ తీయించుకుని, రెండ్రోజులు కోరుట్లలో మా ఇంట్లో ఉన్నాడు. నాలుగు కుట్లు, చేతిలో మందుల చిట్టీ.

"చీము పట్టకుండ ఏడు రోజుల గోలీలు రాసిండ్రు. మంచిదే. మరి కొయ్యక ముందు ఒక్కటి సుత ఎందుకియ్యలేదురా?" అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, డాక్టర్ని కాను. తెల్లమొహం వేశాను. తర్వాత చదివితే తెలిసింది, మామ అడిగిన ప్రశ్నకి 1961లోనే జవాబు దొరికిందని!

కథ మొదలుపెట్టడానికి మనవాడే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిస్తున్నప్పుడే, డెబ్భై దాటిన బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టి నుంచి ఆరియోమైసిన్ బయటికి తీశాడు. 1948 జులైలో లోకానికి చెప్పారు, ఆగస్టులో సుబ్బారావు పోయారు. పెన్సిలిన్ అప్పటికే ఉంది. ఇంకేం, ఆపరేషన్ అయిన ప్రతివాడికీ రోజుల తరబడి యాంటీబయాటిక్ ఇవ్వడం మొదలైంది. తమాషా ఏంటంటే, 1950ల్లో లెక్కలు చూసిన కొందరికి గాయాలు చీము పట్టడం పెద్దగా తగ్గినట్టు కనిపించలేదు. దాంతో ముందుజాగ్రత్త మందు దండగ అన్నారు.

అసలు తప్పు మందుది కాదు, వేళది. దాన్ని పట్టుకున్నవాడు జాన్ బర్క్ అనే సర్జన్ (కాలినవాళ్ళకి కృత్రిమ చర్మం తయారుచేసిన ఇద్దరిలో ఒకడు). గినీ పందుల చర్మంలోకి స్టెఫైలోకాకస్ సూక్ష్మజీవుల్ని ఎక్కించి, పెన్సిలిన్‌ని రకరకాల వేళల్లో ఇచ్చి చూశాడు. సూక్ష్మజీవుల కంటే ముందే మందు రక్తంలో ఉంటే పుండు దాదాపు లేనట్టే. ఆలస్యమయ్యేకొద్దీ పుండు పెద్దదైంది. మూడు గంటలు దాటాక ఇస్తే ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. ఎవరి సీటు వాళ్ళు ఆక్రమించేశాక బస్సులో తువ్వాలు వేస్తే ఏం లాభం?

మనుషుల్లో ఇదే సంగతి 1992లో సాల్ట్ లేక్ సిటీలో తేలింది. 2,847 ఆపరేషన్లు చూస్తే, కోతకి ముందు రెండు గంటల్లోపు మందు పడ్డవాళ్ళలో చీము పట్టింది 0.6 శాతం, కోత అయిన మూడు గంటల తర్వాత పడ్డవాళ్ళలో 3.3 శాతం. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్పింది: ఇస్తే కోతకి ముందే ఇవ్వండి, ఆపరేషన్ అయ్యాక పొడిగించొద్దు.

పైగా మామది చర్మం మీద శుభ్రమైన చిన్న కోత. ఇలాంటివాటికి మామూలుగా ముందు గోలీ కూడా అక్కర్లేదు. గజ్జల దగ్గరా, మోకాలి కిందా కోసినప్పుడు, చర్మం అతికించినప్పుడు ఒక్క మోతాదు గురించి ఆలోచిస్తారు, అంతే.

"మా ఎండలకి, చెమటకి ఇవన్నీ నడవవు" అంటారు మనవాళ్ళు. కొట్టిపారేసే మాట కాదు. ఆస్ట్రేలియాలో మెకాయ్ అని వేడి, ఉక్క ఉండే ఊరుంది. అక్కడ చిన్న కోతలు పడ్డ 972 మందిని చూస్తే, ఉత్త పారఫిన్ రాసినవాళ్ళలో 11 శాతం మందికి చీము పట్టింది. కుట్లు వేయగానే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, రాస్తే అది 6.6 శాతానికి దిగింది (2009లో అచ్చయింది). అంటే అంత ఉక్కలోనూ యాంటీబయాటిక్ రాయకపోయినా నూటికి 89 మంది బాగానే ఉన్నారు. ఆ ఒక్క పూత కూడా మూడు గంటల లోపలే పడింది, గమనించారా?

ఊరికే వేసుకునే గోలీ ఊరికే పోదు. పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, మందుకి లొంగని మొండివాటికి చోటిస్తుంది. మందులు తయారయ్యే పటాన్‌చెరులో, శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో బయటపడింది. మనం ఇంట్లో కూర్చుని దానికి ఇంకాస్త కలపడం ఎందుకు?

రాసే డాక్టర్ని తిట్టబుద్ధి కాదు. కుట్టు చీము పడితే నలుగురూ ఆయన్నే అంటారు. గోలీ రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఖర్చు మాత్రం మామది, అదీ మగ్గం ఆగిన రోజుల్లో.

మామకి భుజం మీద ఇంకో చిన్న గడ్డుంది. దసరా అయ్యాక చూపిస్తాడట. "ఈసారి బల్ల మీద పడుకోకముందే అడుగుత" అంటున్నాడు.