ఒకసారి చేసి వందసార్లు: ఫోటోషాప్ యాక్షన్ల చరిత్ర

1990 ఫిబ్రవరిలో మెకింటోష్ కంప్యూటర్ల కోసం వెలువడిన తొలి ఫోటోషాప్‌కు జ్ఞాపకశక్తి లేదు. ఒక ఫోటోకు చేసిన మార్పులు ఆ ఫోటోతోనే సరి. యాభై ఫోటోలను ఒకే కొలతకు తగ్గించాలంటే అదే మెనూ యాభైసార్లు తెరిచి, అవే అంకెలు యాభైసార్లు కొట్టాల్సిందే. థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఆ ప్రోగ్రామ్‌లో పని అంతా ఒక్కో బొమ్మను తీర్చిదిద్దడం మీదే సాగేది.

గుట్టల కొద్దీ బొమ్మలతో పనిపడినవాళ్లు వేరే దారి చూసుకున్నారు. డ్యూపాంట్ ఉద్యోగి జాన్ క్రిస్టీ రాసిన ఇమేజ్‌మ్యాజిక్ 1990లోనే అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో మౌస్‌తో పని లేదు; ఒక్క పంక్తిలో ఆదేశం టైపు చేస్తే ఫోల్డర్ మొత్తం మారిపోతుంది. అయితే ఆదేశాలు రాయడం ప్రోగ్రామర్లకు నల్లేరు మీద నడకే గానీ, రంగులు దిద్దే కళాకారులకు కాదు.

వాళ్లకు పనికొచ్చే మార్గం 1996లో ఫోటోషాప్ 4తో వచ్చింది. అంతకుముందు ‘కమాండ్స్’ ప్యాలెట్‌లో ఒక మీటకు ఒక ఆదేశాన్ని మాత్రమే తగిలించుకునే వీలుండేది. దాని స్థానంలో వచ్చిన ‘యాక్షన్స్’ ప్యాలెట్ ఒక ఆదేశాల వరుసనే గుర్తుపెట్టుకుంది. రికార్డ్ గుండీ నొక్కి, ఒక ఫోటో మీద పని మామూలుగా చేసి, ఆపేస్తే చాలు. ఆ వరుసను ఎఫ్2 వంటి మీటకు తగిలించవచ్చు, ‘బ్యాచ్’తో ఫోల్డర్ మొత్తం మీద నడపవచ్చు. వెబ్‌సైట్లకు చిన్న బొమ్మలు వందల్లో కావాల్సి వస్తున్న కాలంలో ఈ సౌకర్యం రావడం సరిగ్గా అదునుకు అందినట్టయింది.

చిక్కులు కూడా అక్కడే మొదలయ్యాయి. యాక్షన్ గుర్తుంచుకునేది అంకెలనే, ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారన్నది దానికి తెలియదు. నిలువు ఫోటో మీద పిక్సెళ్ల లెక్కలో రికార్డు చేసిన కత్తిరింపును అడ్డ ఫోటో మీద నడిపితే తలలు తెగుతాయి. అందుకే అనుభవజ్ఞులు రికార్డు చేసే ముందు రూలర్ కొలతను శాతాల్లోకి మార్చుకునేవారు. మనిషి చూసి తేల్చాల్సిన చోట యాక్షన్ ఆగి డైలాగ్ పెట్టె తెరిచే ఏర్పాటూ ఉంది. నిజానికి ఆ ప్యాలెట్‌లో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు అదే. బ్రష్ గీతలు మాత్రం చాలాకాలం రికార్డుకు లొంగలేదు. 2012లో ఫోటోషాప్ సీఎస్6 వచ్చాకే ఆ వీలు కలిగింది.

తెలుగు ఊళ్లలోని స్టూడియోలకు యాక్షన్లతో ఎక్కువగా పనిపడింది పాస్‌పోర్ట్ సైజు ఫోటోల దగ్గర. ముఖాన్ని సరిగ్గా కత్తిరించడం ఆపరేటర్ వంతు. చుట్టూ అంచు గీయడం, ఒకే షీటు మీద ఎనిమిది కాపీలు పేర్చడం ఒక మీట నొక్కుతో అయిపోయేది. పెళ్లి ఆల్బమ్ పనిలోనూ రంగు సవరణకు యాక్షన్ ఫైళ్లు చేతులు మారుతూ తిరిగాయి.

రికార్డింగ్‌కు అందని పనులకు స్క్రిప్టులు తోడయ్యాయి. 2003 నాటి ఫోటోషాప్ సీఎస్‌లో జావాస్క్రిప్ట్ నేరుగా చేరింది. ‘స్క్రిప్టింగ్ లిజనర్’ అనే ప్లగిన్ వాడుకరి చేసే పనులను కోడ్‌గా రాసిపెట్టేది గనుక, ఇక్కడా రికార్డింగే ప్రోగ్రామింగ్‌కు తొలి గురువయింది. ఫోటోషాప్ సంస్థ అడోబీకి చెందిన రసెల్ బ్రౌన్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఇమేజ్ ప్రాసెసర్ 2005లో సీఎస్2లో భాగమైంది. ఫోల్డర్ చూపించి కొలత చెబితే జేపెగ్‌లు సిద్ధం.

2007లో అడోబీ నుంచే వచ్చిన ఫోటో సవరణ ప్రోగ్రామ్ లైట్‌రూమ్ పద్ధతి వేరు. అది పనుల వరుసను కాక సవరణల విలువలను మాత్రమే దాచుకుంటుంది, అసలు ఫోటోను ముట్టుకోదు. వందల పెళ్లి ఫోటోల వెలుగు సరిచేసే పని ఎక్కువగా అటు మళ్లింది. ఫోటోషాప్ యాక్షన్లకు షరతులు 2012 చివర్లో చేరాయి: ఫోటో అడ్డంగా ఉంటే ఒక యాక్షన్, లేకపోతే మరొకటి. పిక్సెళ్ల లెక్కతో తెగిన తలల సమస్యకు అలా ప్రోగ్రామ్‌లోనే జవాబు దొరికింది.