గగనమహల్ లోపల

పెనుకొండ పేరెత్తితే మన సాహిత్యంలో మొదట వినిపించేది నిట్టూర్పు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ కొండమీద గీతం రాశారు. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు బాల్యం వీడీ వీడని వయసులో ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు అదే కావ్యం ఆయనకే పాఠ్యగ్రంథంగా ఎదురైన సంగతి తెలుగు విద్యార్థులు కథగా చెప్పుకుంటారు. ఆ రచనలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పరాయి పాలనలో ఉన్న జాతికి పోయిన వైభవాన్ని తలచుకోవడం కూడా ఒక బలమే. కాని ఆ నిట్టూర్పు మనకు ఒక అలవాటు నేర్పింది. శిథిలాన్ని దూరం నుంచి, కన్నీటి తెర వెనకనుంచి చూసే అలవాటు అది. కోటలోకి వెళతాం గాని గదిలోకి వెళ్ళం. గదిలోకి వెళ్ళినా తలెత్తి కప్పు చూడం.

నేనూ అలాగే చాలా ఏళ్ళు చూశాను. హిందూపురం నుంచి ధర్మవరం దాకా బస్సులోనో రైల్లోనో ఎన్నిసార్లు ప్రయాణం చేసినా పెనుకొండ నాకు కిటికీలోంచి కనిపించే ఒక కొండ మాత్రమే. ఆ అలవాటును ఒక పిల్ల ప్రశ్న చెడగొట్టింది. బడిపిల్లలను వెంటబెట్టుకుని పెనుకొండ కోటకు వెళ్ళాను. 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టిన కర్మాగారం పుణ్యమా అని ఈ పిల్లలకు పెనుకొండ అంటే కార్ల ఊరు. రాయలవారి విగ్రహం తెలుసు, రాయలవారి ఇల్లు తెలియదు. గగనమహల్ ముందు నిలబడగానే తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది:

“సార్, ఇది మసీదా?”

నేను నోరు తెరిచేలోగా పక్కనున్న పిల్లవాడు అందుకున్నాడు: “మసీదు ఎట్లయితాది? పైన గోపురం కనపడలేదా? ఇది గుడి.”

ఇద్దరూ కళ్ళతో చూసే మాట్లాడారు. కింద కమానుల వరుస ఉంది. పైన అంతస్తులంతస్తులుగా లేచి గుడి శిఖరాన్ని తలపించే బురుజు ఉంది. కింద చూసిన పిల్లకు మసీదు కనిపించింది, పైన చూసిన పిల్లవాడికి గుడి కనిపించింది. అది రెండూ కాదు. విజయనగర ప్రభువుల నివాసం.

లోపలికి వెళ్ళాం. నల్లరాతి స్తంభాల కోసం, వాటిమీది శిల్పాల కోసం వెతికే కంటికి ఇక్కడ దొరికేది సున్నం. దేవుడికి రాతి ఇల్లు, రాజుకు సున్నపు ఇల్లు. విజయనగర కాలపు పద్ధతి అది. బయటి ఎండనుంచి లోపల అడుగుపెడితే గదులు చల్లగా ఉన్నాయి. మొనదేలిన కమాను కింద నుంచి ఇంకో కమాను కనిపిస్తుంది. కప్పు దూలాలమీద నిలబడలేదు. గోడలే పైకి పోయి వంగి ఒకదానినొకటి పట్టుకున్నట్టు ఉంటుంది. తరతరాల మరమ్మతుల్లో వేసిన పూతలు, పాత పూతలు పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఎప్పటిదో చూసుకుంటూ నడవాలి.

ఈ కట్టుబడి పద్ధతి ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి ఢిల్లీ మీదుగానూ, సముద్రం మీదుగానూ దక్కనుకు చేరింది. బహమనీ రాజ్యంలో స్థిరపడింది. హంపీలోని లోటస్ మహల్‌లో, ఏనుగుల శాలలో విజయనగరం దాన్ని తనదిగా చేసుకుంది. ఆ రోజుల్లో దక్కను కొలువులన్నిటికీ అదే కొత్త తరహా. ఆధునికత అనే మాట 20వ శతాబ్దపు సొత్తు అనుకోవడం పొరపాటు. ప్రతి యుగానికీ దాని ఆధునికత ఉంటుంది. 16వ శతాబ్దపు ఆధునికత ఈ గదుల్లో ఉంది.

ఇక్కడే చరిత్ర మనల్ని నిలదీస్తుంది. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద వేసుకుని పెనుకొండ చేరాడు. ఆ శతాబ్ది చివర చంద్రగిరికి మారేదాకా రాజ్యం ఇక్కడినుంచే నడిచింది. ఆ యుద్ధాన్ని రెండు మతాల మధ్య యుద్ధంగా చెప్పడం మన పాఠ్యపుస్తకాలకు అలవాటైపోయింది. 1900లో వచ్చిన రాబర్ట్ సీవెల్ గ్రంథం ఆ చూపుకు గట్టి పునాది వేసింది. విజయనగరం ఇస్లాం వరదకు అడ్డుకట్ట అనే మాట దానినుంచే మన వ్యాసాల్లోకి, ఉపన్యాసాల్లోకి పాకింది.

ఆ మాట నిజమైతే పెనుకొండ కోటలో కమాను ఉండకూడదు. మతం కోసం పోరాడి, సర్వస్వం పోగొట్టుకుని వచ్చినవాళ్ళు శత్రువుల మతానికి గుర్తు అనుకున్నదాని కింద కాపురం చేస్తారా? చేశారు. ఎందుకంటే వాళ్ళ దృష్టిలో అది శత్రువుల గుర్తు కాదు. ప్రభువు అనేవాడు ఉండవలసిన ఇల్లు.

కట్టడానిదే కాదు, కవిత్వానిదీ ఇదే కథ. పెనుకొండ తిరుమలరాయలకు రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చాడు. ఓడినవాడి కొలువు అది. గెలిచినవారిలో ఒకడు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా. రాజు కాకముందు 1543 నుంచి 1550 దాకా విజయనగరంలో రామరాయల ప్రాపున తలదాచుకున్నవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని మురిసిపోయింది ఆయననే. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. గోల్కొండ ప్రముఖుడు అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. వసువు కథకూ తపతి కథకూ మూలం ఒకటే: భారతంలోని ఆదిపర్వం. గెలిచిన కొలువులోనూ ఓడిన కొలువులోనూ అదే సీసపద్యం, అదే ప్రబంధం. రణరంగంలో ఎదురెదురుగా నిలబడినవాళ్ళు సభలో ఒకే కవిత్వం విన్నారు.

దుస్తుల సంగతీ అంతే. ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్ళడానికి కుల్లాయి పెట్టుకోవలసి వచ్చిందని వాపోయే చాటువు శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉంది. మనం దాన్ని హాస్యంగా పాఠం చెప్పి వదిలేస్తాం. కుల్లాయి పర్షియా నుంచి వచ్చిన టోపీ. హిందూపురానికి కూతవేటు దూరంలోని లేపాక్షి గుడికి వెళ్ళి తలెత్తి కప్పు చూడండి. అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో ఉన్నతోద్యోగి అయిన విరుపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ కట్టించిన గుడి అది. చిత్రాల్లో దేవుడికి చేతులు జోడించి నిలబడ్డ ప్రముఖుల తలలమీద పొడుగాటి కుల్లాయిలు, ఒంటిమీద తెల్లని పొడుగు అంగీలు కనిపిస్తాయి. గర్భగుడి ముందు కూడా వాళ్ళు ఆ టోపీ తీయలేదు. 14వ శతాబ్దిలోనే విజయనగర ప్రభువులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ శబ్దాన్ని పండితులు దేవతలను కాపాడేవాడని విడదీయవచ్చు. చెవితో వింటే అది సుల్తాన్.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. హంపీలో రెండవ దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో ఒక మసీదు కట్టించాడు. శాసనంలో దాన్ని ధర్మశాల అన్నాడు, పుణ్యం తన ప్రభువుకు చెందాలన్నాడు. ఆ మసీదు కమానులతో కాక, గుడి మండపంలా రాతి స్తంభాలతో నిలబడింది. హంపీలో మసీదుకు గుడి స్తంభాలు, పెనుకొండలో రాజుగారింటికి కమానులు! మా పిల్లలిద్దరూ అందుకే తికమకపడ్డారు. రామరాజభూషణుడి హరిశ్చంద్ర నలోపాఖ్యానంలో ఒకే పద్యం రెండు కథలు చెబుతుంది. హరిశ్చంద్రుడి కథ ఒక్కటే చదివినవాడు తప్పు చదవలేదు, సగం చదివాడు. గగనమహల్ కూడా అటువంటి ద్వ్యర్థి.

ఇంతవరకు వచ్చి “చూశారా, మన పూర్వులు ఎంత సామరస్యంగా బతికారో” అని చేతులు దులుపుకుంటే సరిపోదు. అభ్యుదయ విమర్శకులమైన మనలో కూడా చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఇంకొందరు రాజుల భోగమందిరాలతో మనకేం పని అని గడపే తొక్కరు. రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. ఎవరి మధ్య సామరస్యం? ఒకే టోపీ, ఒకే అంగీ, ఒకే కమాను, ఒకే ప్రబంధం పంచుకున్నది ప్రభువర్గం. సంస్కృతిని పంచుకోవడం వాళ్ళను యుద్ధాలనుంచి ఆపలేదు. గోల్కొండ సేనలు ఈ పెనుకొండ కోటనే ముట్టడించాయి. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, వానలేని ఈ సీమలో పన్ను కట్టవలసిన రైతు ఒకడే. మతయుద్ధం అనే మాట ఆ రైతును కప్పేస్తుంది. సామరస్యం అనే మాట కూడా, జాగ్రత్తగా వాడకపోతే, అతన్నే కప్పేస్తుంది.

మరి సామాన్యజనం ఈ రాజ్యాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారు? ఈ ప్రాంతంలో రెండు కథలు ఈనాటికీ చెప్పుకుంటారు. పెనుకొండ బందీఖానాలో తిమ్మరుసు కళ్ళు పీకించారన్నది ఒకటి. రాజధనం గుడికి ఖర్చుపెట్టాడన్న నింద పడి విరుపణ్ణ తన కళ్ళు తానే పీకి లేపాక్షి గోడకు విసిరాడన్నది రెండవది. మంత్రి కళ్ళు తీయించిన సంగతి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ కూడా రాశాడు. విరుపణ్ణ కథకు జనం నాలుకే ఆధారం. అవి జరిగాయా లేదా అన్నదానికన్నా జనం వాటినే ఎందుకు దాచుకున్నారన్నది ముఖ్యం. కవులకు ఈ రాజ్యం లక్ష్మి. జనానికి ఈ రాజ్యం మంత్రి స్థాయివాడి కళ్ళనైనా మిగలనివ్వని శక్తి. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండో సాక్ష్యాన్ని కూడా పిలవాలి.

ఇక మరమ్మతుల మాట. పాత కట్టడాన్ని బాగుచేయడం ఇంజనీర్ల పని అని మనం ఊరుకుంటాం. అది మన పనికి చాలా దగ్గర. బ్రౌన్ దొర తాళపత్ర ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు పోల్చి చూపించి కావ్యాలను పరిష్కరింపజేశాడు. చెదలు తిన్నచోట తన పద్యం రాసి అతికించేవాడిని మనం పరిష్కర్త అనం. 1964 వెనిస్ ఒప్పందం కట్టడాల విషయంలో ఇదే సూత్రం పెట్టింది. ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగిపోవాలని, ఒక కట్టడంలో చేరిన అన్ని కాలాల పనినీ గౌరవించాలని దాని సారాంశం. కమాను బాగాలేదని తీసి స్తంభం పెట్టినా, శిఖరం అతకలేదని తీసి గుమ్మటం పెట్టినా అది ప్రక్షిప్తమే. దాన్ని కోరేవాళ్ళు ఉంటారు. పాఠం తమకు నచ్చినట్టు లేకపోతే పాఠాన్నే దిద్దమనేవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉన్నారు.

సున్నం విషయంలో కూడా జాగ్రత్త కావాలి. రాయి కాల్చి, చల్లార్చి, గానుగలో ఎద్దులతో తిప్పించి, బెల్లపునీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి, గోడకు పట్టించి, నున్నని రాతితో గంటల తరబడి రుద్దితే వచ్చే నునుపు అది. ఆ గోడ గాలి పీల్చుతుంది, తేమను వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే లోపలి తేమ లోపలే ఉండి పాత సున్నం పొడి అయి రాలుతుంది. పైకి కొత్తగా కనిపిస్తూ లోపల చస్తుంది. కాబట్టి ఆ గోడ నిలబడాలంటే ఆ పని తెలిసిన చేతులు నిలబడాలి. వసుచరిత్ర రాసినవాడి పేరు మనకు తెలుసు. ఈ కప్పు వంచినవాడి పేరు తెలియదు. లేపాక్షి కప్పుమీద రంగులు వేసినవాడి పేరూ తెలియదు. కాని ఆ కప్పుమీది చిత్రాల్లో స్త్రీలు కట్టిన చీరల అంచులను ధర్మవరం మగ్గాలు ఇంకా నేస్తున్నాయి. అది కూడా పునరుద్ధరణే. పురావస్తుశాఖ బోర్డు లేకుండా, జాకార్డు అట్టలతో, అప్పుల నడుమ నేతగాడు రోజూ చేస్తున్న పునరుద్ధరణ. మరమగ్గం ఆ అంచును చవగ్గా అచ్చుగుద్దిన రోజున ఈ చెయ్యి కూడా ఆ పేరులేని మేస్త్రీ సరసన చేరుతుంది.

తిరిగి వచ్చేముందు ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది: “సార్, మరి పరీక్షలో వస్తే ఏం రాయాల?”

పరీక్షకు ఒక వాక్యం చెప్పాను. ఇది విజయనగర రాజుల భవనం, హిందూ ముస్లిం వాస్తురీతుల కలయిక. ఆ వాక్యం చెబుతున్నప్పుడే నాకు అసంతృప్తి కలిగింది. కలయిక అనడానికి ముందు రెండూ వేరువేరుగా ఉండాలి కదా! ఆ గదుల్లో బతికినవాళ్ళకు అది కలయిక కాదు, ఇల్లు. దాన్ని రెండుగా చీల్చి చూడడం మనం తర్వాత నేర్చుకున్నాం. నేర్పించినవాళ్ళలో బడిపంతుళ్ళమూ ఉన్నాం.

ఆ అమ్మాయి రాసుకుంది. రాసుకున్నాక పుస్తకం మూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి తలెత్తి కప్పు చూస్తూ.