లోఫ్ అంటే మాంసం కాదు

అమెరికాలో లోఫ్ అనగానే చాలామందికి మీట్ లోఫ్ గుర్తుకొస్తుంది. అందుకే మా గుడి భోజనాల హాలులో ధాన్యం, టోఫు కలిపి చేసిన వీగన్ లోఫ్ పెడితే కొందరు పెద్దలు, "మాంసం వేషం వేసుకున్న వంట మనకెందుకమ్మా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు చరిత్రలో ఉంది.

ముందు మాట సంగతి చూద్దాం. పాత ఇంగ్లీషులో 'హ్లాఫ్' అంటే రొట్టె. లోఫ్ అక్కడినుంచి వచ్చింది. 'లార్డ్' అనే మాట కూడా అక్కడిదే. 'హ్లాఫ్‌వేర్డ్', అంటే రొట్టెను కాపాడేవాడు. మనం అన్నదాత అంటాం కదా, దానికి దగ్గర మాట. మాంసం ఆ మాటకు తర్వాత అంటుకుంది.

ఇక వంట సంగతి. 1863లో మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ చర్చి ఏర్పడింది. శరీరం దేవుడి గుడి అని వాళ్ల నమ్మకం. మనకూ ఈ మాట కొత్త కాదు. 1866లో వాళ్లు అక్కడే ఒక ఆరోగ్యశాల తెరిచారు. 1876లో దాని బాధ్యత డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్ తీసుకున్నారు. ఆయన రోగులకు మాంసం వద్దన్నారు. వేరుశనగ, గోధుమ బంక కలిపి 'ప్రోటోస్' అనే పదార్థం తయారు చేయించి డబ్బాల్లో అమ్మించారు. అది మాంసంలా ఉండాలనే ఆయన కోరిక. కాబట్టి మా పెద్దల అనుమానం పూర్తిగా తప్పు కాదు. కానీ దాని వెనుక ఉన్నది మాంసం మీద ఆశ కాదు, మాంసం మాన్పించాలనే పట్టుదల.

టోఫు వేరే దారిలో వచ్చింది. అది చైనాలో వందల ఏళ్లుగా ఉంది. సోయా గింజలు నానబెట్టి, రుబ్బి, కాచి, వడగట్టి, ఆ పాలను విరిచి, నీళ్లు పోయేలా అదుముతారు. మనం పన్నీరు చేసినట్టే. 1770లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ నుంచి రాసిన ఉత్తరంలో గింజలతో చేసే ఈ చైనా జున్ను గురించి ఉంది. 1917లో, యుద్ధకాలంలో, అమెరికా వ్యవసాయ శాఖ యామే కిన్ అనే చైనా వైద్యురాలిని సోయా గురించి తెలుసుకోవడానికి చైనా పంపింది. తర్వాత హ్యారీ మిల్లర్ అనే అడ్వెంటిస్ట్ వైద్యుడు చైనాలో ఏళ్లపాటు పనిచేసి, సోయాపాల విద్యను అమెరికాకు తెచ్చారు. రెండు దారులూ అలా కలిశాయి.

అడ్వెంటిస్ట్ ఇళ్లలో చేసే లోఫ్‌లలో గుడ్లు, కాటేజ్ చీజ్ వేయడం మామూలే. ముక్క విడిపోకుండా పట్టి ఉంచేవి అవే. 1944లో ఇంగ్లాండులో 'వీగన్' అనే మాట పుట్టింది. 1971లో టెనెసీలో మొదలైన 'ది ఫార్మ్' అనే సమాజంలో వందలమంది సోయా మీద ఆధారపడి బతికారు. 1975లో విలియం షర్ట్‌లెఫ్, అకికో అయోయాగి రాసిన 'ది బుక్ ఆఫ్ టోఫు' వచ్చాక అమెరికా ఇళ్లలో చాలామంది టోఫు వండడం నేర్చుకున్నారు. గుడ్డు చేసే పనిని టోఫుకు అప్పగించారు.

నేను చేసే పద్ధతి ఇది. 400 గ్రాముల గట్టి టోఫును నీరు పిండి మెత్తగా చిదుముతాను. ఉడికిన దంపుడు బియ్యం రెండు కప్పులు, ఓట్స్ ఒక కప్పు, వాల్‌నట్ పలుకులు అర కప్పు, అవిసె గింజల పొడి రెండు చెంచాలు కలుపుతాను. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఇంగువ, జీలకర్ర, మిరియాలు, ఉప్పు చాలు. నూనె రాసిన రొట్టె అచ్చులో గట్టిగా అదిమి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 50 నిమిషాలు ఓవెన్‌లో ఉంచుతాను. పావుగంట ఆరాకే కొయ్యాలి. వేడిగా కోస్తే పొడి పొడి అవుతుంది.

ఇది దేవుడి ముందు పెట్టేది కాదు. నైవేద్యం గుడి వంటశాలలో అర్చకులు వండేదే. ఇది పాలు, నెయ్యి ముట్టని మన పిల్లలు కూడా పంక్తిలో కూర్చుని తినడానికి. పేరు ఇబ్బందిగా ఉంటే మార్చుకోండి. గోదావరి వైపు మినప్పప్పు, బియ్యపు రవ్వ కలిపి సన్నని సెగ మీద మందంగా కాల్చే దిబ్బరొట్టె ఉంది కదా. ధాన్యం, పప్పు, నిప్పు. మా హాలులో దీన్ని ఇప్పుడు టోఫు దిబ్బరొట్టె అంటున్నారు.